పన్నెండు ఇస్త్రీలూ, ఒక పెంకూ

ఇండోనేషియాలో ఉద్యోగం అనగానే మనవాళ్ళకి బాలీ గుర్తొస్తుంది. మా మేనత్త అయితే ఫోన్‌లో మొదటి మాటే "బీచ్ దగ్గరేనా ఉండేది?" అని అడిగింది. బీచ్ లేదత్తా, బురదుంది, పెంకులున్నాయి అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది. నేనుండేది పశ్చిమ జావాలో మజలెంగ్క జిల్లా, జతివంగి అనే చిన్న టౌనుని ఆనుకుని ఉన్న జతిసుర అనే ఊళ్ళో. జకార్తా నుంచి టోల్ రోడ్డు మీద మూడు గంటల పైనే పడుతుంది. వరిచేలు, మామిడి చెట్లు, మసీదు మైకు, కోళ్ళు, మధ్యలో ఎక్కడ చూసినా ఆరబెట్టిన పెంకులు.

పని గార్మెంట్ ఫ్యాక్టరీలో. ఇండియాలో ఉన్నప్పుడు వైజాగ్ దగ్గర అచ్యుతాపురంలో చేసిన పనే, స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరు ఏ కుట్టుకి ఎన్ని సెకన్లు తీసుకుంటున్నారో చూసి లైను సర్దడం. చేరిన రెండో వారంలో ఒక సూపర్‌వైజరమ్మ వచ్చి "ఇస్త్రీ ఎక్కడ, పాక్?" అని అడిగింది. (పాక్ అంటే అయ్యా, గారూ అన్నట్టు. మొదటిసారి విన్నప్పుడు నేనూ ఉలిక్కిపడ్డాను.) పని గురించే అడుగుతోంది కదా అని లైను చివర ఇస్త్రీ టేబుళ్ళు చూపించి, అప్పటికి నేర్చుకున్న నాలుగు ముక్కల్లో "అక్కడ, దువ బెలస్" అన్నాను, అంటే పన్నెండు. లైను లైనంతా మిషన్లు ఆపి నవ్వారు. వాళ్ళ భాషలో ఇస్త్రీ అంటే పెళ్ళాం. మన స్త్రీయే అది. బట్టల ఇస్త్రీకి వాళ్ళ మాట సెత్రిక. మొగుణ్ణి సువామి అంటారు, మన స్వామే. ఆ రోజు నుంచీ ఫ్యాక్టరీలో నా పేరు పన్నెండు పెళ్ళాల ఇండియా ఆయన.

ఇల్లు అద్దెకి దొరకడం తేలికే గానీ, కొత్తగా ఎవరు దిగినా 24 గంటల్లోపు వీధి పెద్దకి చెప్పుకోవాలి, ఆ మాట వీధి మొదట్లో బోర్డు మీద రాసే ఉంటుంది. ఆయన్ని పాక్ ఎర్‌టె అంటారు. నా పాస్‌పోర్టు తిరగేసి, షారుఖ్ ఖాన్ ఇల్లు మీ ఊరికి ఎంత దూరం అని అడిగి, టీ ఇచ్చి పంపాడు. ఇక్కడి వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది సుండ భాష. నలుగురు కూర్చున్న చోట ముందు నుంచి దాటి వెళ్ళాలంటే కొంచెం వంగి, కుడి చెయ్యి కిందికి చాపి "పుంతెన్" అనాలి, వాళ్ళు "మంగ్గ" అంటారు, కానివ్వండి అని. మంగ్గ అంటే మామిడికాయ కూడా. మజలెంగ్క మామిడికి పేరున్న జిల్లా కాబట్టి కొన్నాళ్ళ పాటు ప్రతి గుమ్మంలోనూ నన్ను మామిడికాయ తినమంటున్నారనే అనుకున్నాను.

పెంకుని ఇక్కడ గెంతెంగ్ అంటారు, పెంకుల బట్టీని జెబోర్ అంటారు. మా ఇంటి వెనకాలే ఒకటుంది. ఆదివారం పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని అక్కడికెళ్ళి కూర్చోవడం అలవాటైపోయింది. పొలాల్లోంచి తెచ్చిన బంకమట్టిని మరలో వేసి పిసికి, పలకల్లా కోసి, నూనె రాసిన అచ్చులో పెట్టి పైనుంచి నొక్కుతారు. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, అచ్చులోంచి తీసిన పచ్చి పెంకు అంచుల్ని తీగతో కోస్తుంది. నాలుగు వైపులా నాలుగు గీతలు, ఆ కోసిన మట్టి చూడకుండానే వెనక్కి విసిరితే సరిగ్గా కుప్ప మీదే పడుతుంది. వద్దనుకుంటూనే మనసులో లెక్కపెట్టాను, ఎన్నిసార్లు చూసినా అవే సెకన్లు. మా ఫ్యాక్టరీలో అయితే ఆవిడకి ప్రతి నెలా ఇన్సెంటివ్ వచ్చేది. పచ్చివి నీడలో, తర్వాత ఎండలో ఆరాక బట్టీలో పేర్చి కట్టెలతో కాలుస్తారు. దించాక ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూస్తారు. బాగా కాలింది ఖంగుమంటుంది, కాలనిది డొప్ప మోత మోగుతుంది. సంతలో మా అమ్మ కుండ కొనేటప్పుడు చేసే పనే.

1905 నుంచే ఇక్కడ పెంకులు చేస్తున్నారని చెబుతారు. 1911లో తూర్పు జావాలో ప్లేగు వచ్చినప్పుడు, వెదురు బొంగుల్లో, గడ్డి కప్పుల్లో ఎలుకలు గూడు కడుతున్నాయని డచ్చి ప్రభుత్వం జావాలో లక్షల ఇళ్ళని బాగుచేయించి పెంకులు వేయించింది. అలా ఎలుకల పుణ్యమా అని పెంకుకి గిరాకీ పెరిగింది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో వందల జెబోర్లు ఉండేవి, ఇప్పుడు చాలా వాటిలో పొగగొట్టం ఒక్కటే మిగిలింది. రేకులొచ్చాయి, కాంక్రీటు పెంకులొచ్చాయి, అవన్నీ నిజమే. మేమూ వచ్చాం, ఆ మాట దాచడం ఎందుకు.

2015లో ఇటుగా వెళ్ళే 116 కిలోమీటర్ల సిపాలి టోల్ రోడ్డు తెరిచారు, 2018లో పక్కనే కెర్తజతి విమానాశ్రయం. కూలి లెక్క చూస్తే మిగతాది అర్థమవుతుంది. 2024లో జకార్తా దగ్గర ఫ్యాక్టరీల జిల్లా కరవాంగ్‌లో కనీస వేతనం నెలకి 52 లక్షల రుపియా పైన (లక్షలని కంగారు పడకండి, మన డబ్బుల్లో 27 వేల చిల్లర), మజలెంగ్కలో 22 లక్షల పైన, అంటే మన 12 వేలు. సగం కూడా లేదు. రోడ్డు బాగుండి కూలి తక్కువున్న చోటికి గార్మెంట్ ఫ్యాక్టరీ నడిచొస్తుంది, అచ్యుతాపురానికీ అలాగే వచ్చింది. ఆడపిల్లలు జెబోర్ మానేసి మా దగ్గరికొచ్చారు. ఎందుకు రారు? తలమీద ఫ్యానుంది, ఒంటికి మట్టి అంటదు, నెల తిరిగేసరికి జీతం. అయ్యో పాత చేతిపని పోతోందే అని నేను బాధపడితే నా లైనులో పిల్లే నవ్వింది. "మా అమ్మ నడుము మీరు చూడలేదు పాక్" అంది. అంచులు కోసే ఆవిడ వాళ్ళమ్మేనని అప్పుడే తెలిసింది.

అలాగని ఊరు చేతులు కట్టుక్కూర్చోలేదు. 2005లో ఇక్కడే, ఈ జతిసురలోనే, జతివంగి ఆర్ట్ ఫ్యాక్టరీ అని ఒక కళా సంస్థ పెట్టారు. పెంకుల్ని వాద్యాల్లా వాయిస్తారు. 2012 నుంచి మూడేళ్ళకోసారి వేలమంది చేరి పెంకులు పట్టుకుని ఒకేసారి తాళం వేస్తారు, దాన్ని రంపక్ గెంతెంగ్ అంటారు. 2022లో జర్మనీలో కాసెల్ అనే చోట జరిగే పెద్ద కళా ప్రదర్శన డాక్యుమెంటాకి కూడా వెళ్ళొచ్చారు. వీటన్నిటికంటే నాకు నచ్చింది జెబోర్ కూలీల కండల పోటీ. రోజంతా మట్టి మోసినవాళ్ళు ఒంటికి నూనె పట్టించి, చేతిలో పెంకు పెట్టుకుని స్టేజీ మీద కండలు చూపిస్తుంటే కింద పెళ్ళాలు, అదే ఇస్త్రీలు, ఈలలు వేస్తారు. జిమ్ముకి డబ్బు కట్టి పెంచిన ఒళ్ళు కాదది.

పోయిన వానాకాలం మా ఇల్లు కారింది. ఇంటావిడ వాళ్ళాయన నిచ్చెన వేసుకుని పైకెక్కి రెండు పెంకులు మార్చాడు. మిగిలిన ఒకటి నా చేతికిచ్చి కొట్టి చూడమన్నాడు. ఖంగుమంది. ఇంటికి పట్టుకెళతానన్నాను, నవ్వాడు గానీ పాత లుంగీ ఇచ్చి చుట్టుకోమన్నాడు.

ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర బ్యాగు తెరిపించారు. మొత్తానికి పగలకుండా రాజమండ్రి చేరింది. మా ఇల్లూ పెంకుటిల్లే, బెంగుళూరు పెంకులు (నిజానికి మంగుళూరువి, మనం ఎందుకో ఊరు మార్చేశాం). నాన్న అరుగు మీద కూర్చుని లుంగీ విప్పి, అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు.

"బాగా కాలింది. ఒక్కటే తెచ్చావేంట్రా, వంటింటి మీద నాలుగు పగిలున్నాయి."

"సైజు వేరు నాన్నా, మన వరసలో కూర్చోదు."

"చూద్దాం" అని నిచ్చెన కోసం లేచాడు.