పదకొండున్నర గంటల అవతల ఎండ

డిసెంబర్‌లో నేను హైదరాబాద్ వనస్థలిపురంలో కనబడితే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే. "ఏం సార్, ఉద్యోగం మంచిగనే ఉన్నదా?" కిరాణా కొట్టాయన నుంచి మా మేనమామ దాకా అందరిదీ అదే అనుమానం. ఇంట్లో పెళ్లి లేదు, చావు లేదు, సంక్రాంతికి ఇంకా నెలన్నర ఉంది. మనిషి కెనడా నుంచి సూట్‌కేసులతో దిగాడంటే తీసేసి ఉంటారు, ఇంకేముంటుంది? "చలి పడలేక వచ్చినం, మార్చి దాక ఇక్కడి నుంచే పని చేస్త" అంటే నవ్వి ఊరుకుంటారు. మా మేనమామైతే పక్కకు తీసుకుపోయి, "అల్లుడా, పైసలేమన్న గావాల్నా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

కెనడాలో ఇది వింతేం కాదు. రిటైరైన తెల్లవాళ్లు చలి మొదలవగానే ఫ్లోరిడాకో ఆరిజోనాకో పోయి, మంచు కరిగాక ఇంటికొస్తారు. స్నోబర్డ్స్ అంటారు వాళ్లని. మాకు ఫ్లోరిడాలో ఎవరున్నారు? వనస్థలిపురంలో అమ్మ ఉంది, పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.

మేముండేది విన్నిపెగ్. జనవరి రాత్రుల్లో మైనస్ 20 అక్కడ మామూలు. గాలి తోడైతే మైనస్ 40లా కొరికే రోజులూ ఉంటాయి. ఆ గాలిలో చర్మం బయట పెడితే 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టొచ్చని వాతావరణ శాఖ హెచ్చరిస్తూ ఉంటుంది. మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే, కాబట్టి అమెరికాలో ఉన్న మా బావతో గొప్పలు చెప్పుకునేటప్పుడు లెక్క మార్చే శ్రమ ఉండదు.

అంకెలకు అలవాటు పడతాం. అలవాటు కానిది చాకిరీ. కారు ముందు భాగంలోంచి ఒక ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది, ఇంజన్ వెచ్చగా ఉంచడానికి. రాత్రి దాన్ని కరెంటుకు పెట్టడం మర్చిపోతే పొద్దున బండి మూలుగుతుంది తప్ప కదలదు. ఆ తీగ చలికి బిర్రబిగుసుకుపోయి వంచినా వంగదు. పార తీసుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తే గంట పడుతుంది. లోపలికొచ్చి టీ తాగేలోపు మున్సిపాలిటీ బండి వచ్చి, రోడ్డు మీది మంచునంతా తెచ్చి మన వాకిలికి అడ్డంగా గట్టు వేసిపోతుంది. మళ్లీ పార. లోపలి బట్టలు, పై బట్టలు, రెండు జతల సాక్సులు, బూట్లు, గ్లవ్స్, టోపీ, అన్నీ వేసుకున్నాక తాళం చెవి ఎక్కడో లోపలి జేబులో ఉందని గుర్తొస్తుంది. పాల డబ్బా తేవాలన్నా ఇంత తతంగం. డిసెంబర్‌లో ఎనిమిది దాటాక తెల్లారి, నాలుగున్నరకు పొద్దు గూకుతుంది. ఆఫీసుకు పోయేటప్పుడు చీకటే, వచ్చేటప్పుడూ చీకటే.

అమ్మాయి డిగ్రీకి టొరంటో పోయాక మాకు స్కూలు బంధనం తెగింది. నాది ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పని, మా ఆవిడది అకౌంట్స్. రెండూ లాప్‌టాప్‌లో నడిచేవే. అయినా లాప్‌టాప్ సంకన పెట్టుకుని విమానం ఎక్కేస్తే కుదరదు. మేనేజర్ ఒప్పుకున్నాక హెచ్‌ఆర్, ఆ తర్వాత సెక్యూరిటీ వాళ్లు, చివరికి పన్నుల వాళ్లు. ఒక్కొక్కరికీ ఒక్కో ఫారం. చెప్పకుండా వచ్చి, ఎక్కడి నుంచి పని చేస్తున్నారో కనబడనీయని వీపీఎన్‌తో నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. దొరికితే పోయేది ఉద్యోగం, అప్పుడు కిరాణా కొట్టాయన అనుమానమే నిజమవుతుంది.

రోజుల లెక్క కూడా గట్టిగానే చూసుకోవాలి. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో, ప్రభుత్వ వైద్యానికిచ్చే హెల్త్ కార్డు నిలవాలంటే ఏడాదిలో 183 రోజులు అక్కడ ఉండాలి. ఇటు మన దగ్గర 182 రోజులు నిండితే ఆదాయపు పన్ను చట్టం మనల్ని ఇక్కడివాళ్ల కింద లెక్కేస్తుంది. ఇండియాలో 15 లక్షలకు మించి ఆదాయం ఉన్నవాళ్లకైతే ఆ గీత 120 రోజుల దగ్గరే మొదలవుతుంది. అద్దెలొచ్చే ఫ్లాట్లు ఉన్నవాళ్లు టికెట్ కంటే ముందు ఆడిటర్‌ని కలవడం మంచిది.

కెనడా పాస్‌పోర్ట్ తీసుకోగానే ఇండియా పౌరసత్వం పోయింది, రెండూ ఉంచుకోవడం మన చట్టం ఒప్పుకోదు. ఇప్పుడు శంషాబాద్‌లో దిగితే నేను ఓసీఐ కార్డున్న విదేశీయుణ్ణి. భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డది. ఆ కార్డు పథకం మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. ఎన్నాళ్లయినా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. నల్గొండ జిల్లాలో నాయన పొలం గట్టు మీద నిలబడి, పక్కనే అమ్మకానికొచ్చిన ఎకరం గురించి వింటుంటే ఆ రెండోది కాస్త గుచ్చుకుంటుంది.

అన్నీ కుదిరి వచ్చాక అసలు చిక్కు గడియారంతో. చలికాలంలో విన్నిపెగ్‌కూ హైదరాబాద్‌కూ పదకొండున్నర గంటల తేడా. అక్కడ పొద్దున తొమ్మిదంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మొదటి ఏడాది పూర్తిగా వాళ్ల వేళల్లోనే పని చేశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లాప్‌టాప్ మూసి పడుకుంటే, మెలకువ వచ్చేసరికి మిట్ట మధ్యాహ్నం. అమ్మ కొన్నాళ్లు ఊరుకుంది. ఒకరోజు అన్నం పెడుతూ అననే అన్నది: "పొద్దు నెత్తి మీదికొచ్చినా లేవకపోతివి. ఎండ కోసం వచ్చిన అంటివి, ఎండ ఎన్నడు చూసినవ్ రా?"

మరుసటేడు మేనేజర్‌తో బేరం పెట్టుకున్నాను. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా టీమ్‌తో, మిగతా నాలుగు గంటలు పగలు నా వీలును బట్టి. ఆ ఒక్క మార్పుతో హైదరాబాద్ నా చేతికొచ్చింది. పొద్దున చెప్పులేసుకుని గేటు తీసి బయటికి పోవడం, అంతే. ఏ తయారీ అక్కర్లేదు. రైతు బజార్‌లో కొత్తిమీర కట్ట, వచ్చేటప్పుడు రేగుపళ్లు, దారిలో ఇద్దరితో ముచ్చట. విన్నిపెగ్‌లో మూడు నెలలు పక్కింటాయన ముఖం కూడా సరిగా చూడం, పార పట్టుకుని టోపీలోంచి చెయ్యి ఊపడమే.

ఇక్కడ చలి లేదని కాదు. 13 డిగ్రీలకే పేపర్లో "చలి పులి" అని పెద్దక్షరాలు పడతాయి, పార్కులో మంకీ క్యాపులు దిగుతాయి. మొదట్లో టీషర్టుతో తిరుగుతూ వాళ్లను చూసి నవ్వేవాణ్ణి. ఆ నవ్వు బయటే, ఇంట్లో కాదు. విన్నిపెగ్ ఇంట్లో హీటర్ 21 దగ్గర ఉంటుంది, జనవరిలో నిక్కరు మీద తిరుగుతాం. అమ్మ ఇంట్లో హీటరేది? తెల్లవారి మొజాయిక్ గచ్చు మీద కాలు పెడితే జిల్లుమంటుంది, గీజర్ నీళ్లు బకెట్ నిండేలోపు ఒళ్లు వణుకుతుంది. కెనడాలో నేను ఇంట్లో స్వెటర్ వేసుకున్నది లేదు, వనస్థలిపురంలో వేసుకుంటాను. పైగా ఈ నెలల్లో గాలి కదలక దుమ్మంతా కిందే నిలుస్తుంది. మా ఆవిడకు దగ్గు పట్టుకుంటే సంక్రాంతి దాకా వదల్లేదు.

జనవరిలో ఒకసారి చిలుకూరు పోయాం. వీసా రావాలని 11 ప్రదక్షిణలు మొక్కి, వచ్చాక 108 చేసే గుడి. నేనూ చేసినవాణ్ణే. కాగితం మీద అంకెలు కొట్టేసుకుంటూ తిరిగే పిల్లల్లో ఒకడు మాటల్లో కలిశాడు. నెలాఖరుకు విన్నిపెగ్ పోతున్నాడట, చదువుకు. సరిగ్గా నడి చలిలో దిగుతాడు. "అన్నా, కోఠిల మంచి జాకెట్ చూసిన, కొననా?" అన్నాడు. వద్దన్నాను. థర్మల్స్ ఇక్కడ తీసుకో, జాకెట్, బూట్లు అక్కడే కొనుక్కో, ఎయిర్‌పోర్ట్‌కు వచ్చే దోస్తును ఒక జాకెట్ వెంట తెమ్మను, అని చెప్పాను. "మరి మీరెందుకు వచ్చేసిన్రు?" అన్నాడు. క్యూ ముందుకు కదిలింది కాబట్టి బతికిపోయాను.

ఈ రాకపోకలు లాప్‌టాప్ ఉద్యోగాలవాళ్లకే చెల్లుతాయి. విన్నిపెగ్‌లో మా ఇంటి తాళాలు అక్కడే ఉంటున్న ఒక కరీంనగర్ అమ్మాయి దగ్గర ఉంటాయి. వృద్ధాశ్రమంలో సహాయకురాలు. ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం వీడియో కాల్‌లో అయ్యే పని కాదు. క్రిస్మస్ నాడు జీతం ఎక్కువని ఆ రోజూ డ్యూటీ వేయించుకుంటుంది. చలికాలంలో ఖాళీ ఇంటిని ఎవరైనా వచ్చి చూసిపోతుండాలని మా ఇంటి ఇన్సూరెన్స్ షరతు, ఎందుకంటే హీటర్ ఆగితే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతాయి. డబ్బులిస్తామంటే తీసుకోదు. డ్యూటీ దిగి, ఆ చలిలో బస్సు మారి మా ఇంటికి పోయి, హీటర్ అంకె ఫొటో పంపుతుంది. మా ఎండకు ఆమె కాపలా. మేం దీన్ని సర్దుబాటు అంటాం, ఆమె ఏమంటుందో అడిగే ధైర్యం నాకు రాలేదు.

మార్చి వస్తే మా ఆవిడకు అక్కడ పన్నుల సీజన్, పోక తప్పదు. బంగినపల్లి మార్కెట్లో దిగేలోపే మేం విమానంలో ఉంటాం. ఈసారి కరీంనగర్ అమ్మాయి సకినాలు అడిగింది. సంక్రాంతికి అమ్మ, పక్కింటామె డాబా మీద పాత ధోవతి పరిచి, నువ్వులు, వాము కలిపిన పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్లు చుట్లుగా వేస్తుంటే నేనూ కూర్చున్నాను. నావి గుండ్రంగా రాలేదు, మొదటి వాయిలోనే వేయించి ఇంట్లోవాళ్లకు పెట్టేశారు. మంచివి ఏరి ఆమెకు కట్టమన్నాను. "ఆ పిల్లకు రెండు డబ్బాలు గట్టు, నీకొకటి చాలు" అంది అమ్మ.