గేటు లేని సరిహద్దు

ఉద్యోగంలో సగానికి పైగా కాలం వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల్లోనే గడిచింది నాకు. వే బిల్లులు, సీళ్లు, అర్ధరాత్రి బారులు తీరిన లారీలు, వాటిని నమ్ముకుని బతికే టీ కొట్లు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, ఆ గేట్లు లేచిపోయాయి. అందుకే డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, కోటలూ చర్చిలూ తర్వాత చూడవచ్చు, ముందు సరిహద్దు చూపించమని అడిగాను.

ఐర్లాండ్ ఒకటే ద్వీపం, రెండు ఏలుబడులు. పెద్ద భాగం ఐర్లాండ్ రిపబ్లిక్, యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. ఈశాన్య మూల ఉత్తర ఐర్లాండ్, అది బ్రిటన్ కింద ఉంది. 2020లో బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. దాంతో ఈ రెండింటి మధ్య ఉన్న దాదాపు 500 కిలోమీటర్ల గీత ఒక వ్యాపార కూటమికి పొలిమేర అయింది. ఆ గీతను దాటే రోడ్లు 200కు పైనే.

బయలుదేరక ముందే ఒక తిరకాసు. సందర్శకుడిగా వచ్చిన నా ఐర్లాండ్ వీసా మీద బ్రిటన్‌లో కూడా తిరగవచ్చని గుర్తు వేసి ఇచ్చారు. భారతీయ సందర్శకులకు ఆ సదుపాయం ఉంది. ఇక్కడే ఉద్యోగం చేసి పన్ను కడుతున్న అల్లుడికి మాత్రం అది వర్తించదు, విడిగా బ్రిటన్ వీసా ఉండాలి. అమ్మాయి ఆఫీసు పని మీద ఎప్పుడో తీసుకుంది కాబట్టి సరిపోయింది. "మీరు వెళ్లి రండి మామయ్యా, నేను వంట చేసి పెడతాను" అని అతను ఇంట్లో ఉండిపోయాడు.

బస్సులో ముందు సీటు దొరికింది. డండాక్ దాటాక అమ్మాయి, "రోడ్డు అంచున పసుపు గీత ఉంది కదా నాన్నా, అది ఎక్కడ తెల్లబడితే అక్కడే సరిహద్దు" అంది. రెప్పవేయకుండా చూశాను. పసుపు గీత తెల్లబడింది. వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారాయి. ఫోను కొత్త నెట్‌వర్క్ పట్టుకుంది. అంతే. డ్రైవరు కనీసం గేరు కూడా మార్చలేదు.

ఇక్కడ గేట్లు ఎప్పుడూ లేవని కాదు. 1923లో మొదలైన కస్టమ్స్ తనిఖీలు, ఐరోపా ఒకే మార్కెట్ అయ్యాక, 1993 జనవరి నుంచి ఆగిపోయాయి. నడుమ, ఉత్తరం బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లాండ్‌తో కలవాలా అన్న గొడవ మీద సాగిన ముప్పై ఏళ్ల హింసాకాండలో కస్టమ్స్ ఠాణాలు పదే పదే బాంబులకు గురయ్యాయి. మేము దిగిన న్యూరీ ఊళ్లోనే 1972 ఆగస్టులో కస్టమ్స్ కార్యాలయంలో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. వారిలో బాంబు తెచ్చినవాళ్లు ముగ్గురు. గుమాస్తాలు కూడా ఉన్నారు. గుమాస్తాలన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మమ్మల్ని లారీ యజమానులు తిట్టుకున్నారు, శాపనార్థాలు పెట్టారు. టేబుల్ ముందు కూర్చుని కాగితాలు చూసినందుకు ప్రాణం పోతుందన్న ఊహే మాకు ఎప్పుడూ రాలేదు.

1998 శాంతి ఒప్పందం తర్వాత కొండల మీది సైనిక కావలి బురుజులు కూడా ఒక్కొక్కటిగా తీసేశారు. యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి వచ్చాక సరుకు తనిఖీకి మళ్లీ గేట్లు పెట్టి ఆ ప్రశాంతతను చెడగొట్టే ధైర్యం బ్రిటన్‌కూ లేదు, యూనియన్‌కూ లేదు. అసలు గేట్లు పెట్టాలన్నా సాధ్యమా? పాత అలవాటు కొద్దీ లెక్క వేశాను. 200 రోడ్లు, రోడ్డుకు మూడు షిఫ్టులు, షిఫ్టుకు నలుగురు, సెలవులకు అదనం. పైగా ఉత్తరాన పితికిన పాలలో దాదాపు మూడో వంతు దక్షిణాది డెయిరీలకు వెళతాయి. క్లోన్స్ నుంచి కావన్ వెళ్లే రోడ్డు పది కిలోమీటర్ల లోపే నాలుగుసార్లు సరిహద్దు దాటుతుంది. అక్కడ గేటు పెట్టిన అధికారిని నేనే సస్పెండ్ చేసి ఉండేవాడిని.

అందుకని గేటును సముద్రంలోకి జరిపారు. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లాండ్‌ను యూనియన్ నిబంధనల కిందే ఉంచి, బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చే సరుకును బెల్‌ఫాస్ట్, లార్న్ రేవుల్లో చూస్తున్నారు. ఇక్కడే అమ్ముడుపోయే సరుకుకు తేలికపాటి ఆకుపచ్చ వరుస, దక్షిణానికి దాటే అవకాశం ఉన్నదానికి పూర్తి కాగితాలతో ఎర్ర వరుస. 2023లో కుదిరిన విండ్సర్ ఒప్పందం సారాంశం ఇదే. న్యూరీ సూపర్‌మార్కెట్‌లో బ్రిటన్ నుంచి వచ్చిన సాసేజ్ ప్యాకెట్ తిప్పి చూస్తే, "యూరోపియన్ యూనియన్‌కు కాదు" అని మూలన చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంది. బిల్లు వేసే ఆవిడ యూరో నోటు తీసుకుని చిల్లర పౌండ్లలో ఇచ్చి, "డబ్లిన్‌కు పట్టుకెళ్లకండి, ఇక్కడే తినేయండి" అని నవ్వింది. నేను చూసిన చెక్‌పోస్టులన్నిటిలోకీ చిన్నది ఆ ముద్రే.

బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులకు ఈ సముద్రపు గేటు కంటగింపు. తమ దేశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు సరుకు రావడానికి కస్టమ్స్ ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. నాకైతే న్యాయమైన ప్రశ్నే అనిపించింది. దీని మీద అలిగి వాళ్లలో పెద్ద పార్టీ రెండేళ్లు ప్రాంతీయ ప్రభుత్వాన్నే నడవనివ్వలేదు. 2024 డిసెంబరులో శాసనసభ 48–36 ఓట్లతో ఈ ఏర్పాటును కొనసాగించింది. యూనియనిస్టులు, ఐర్లాండ్‌తో కలవాలనే జాతీయవాదులు, ఈ ఇరువర్గాల మద్దతూ లేకుండా గెలిచింది కాబట్టి నాలుగేళ్లకు మళ్లీ ఓటు. ఆహార నిబంధనలు కలుపుకుందామని 2025 మేలో బ్రిటన్, యూనియన్ అంగీకరించుకున్నాయి. అది జరిగితే చాలా కాగితాలు తగ్గుతాయి. కానీ యూరోపియన్ దేశాల ఉమ్మడి సుంకాల ఏర్పాటైన కస్టమ్స్ యూనియన్‌కు బ్రిటన్ బయట ఉన్నంత కాలం రేవులో ఎవరో ఒకరు ఏదో ఒక ఫారం అడుగుతూనే ఉంటారు. గేటు ఎత్తడం కంటే ఫారం ఎత్తేయడం కష్టమని ఆ శాఖలో పనిచేసినవాడిగా చెప్పగలను.

మధ్యాహ్నం సిటీ బస్సులో, సరిహద్దు నీటి ఒడ్డునున్న నారో వాటర్ వెళ్లాం. ఇవతలి ఒడ్డున పాత కోట బురుజు, అవతలి ఒడ్డు దక్షిణం. 1979లో ఈ ఒడ్డునే ఒకే రోజు 18 మంది బ్రిటిష్ సైనికులను బాంబులతో చంపారు. 2024లో అక్కడే వంతెన పని మొదలైంది. చాలా వరకు ఖర్చు ఐర్లాండ్ ప్రభుత్వానిదే. ఎత్తయిన పడవలు వస్తే తెరుచుకునేలా కడుతున్నారు. అవతల కొత్త గేట్లు వస్తాయని భయపడేవాళ్లు ఇంత సొమ్ము పోసి వంతెన కట్టరు కదా అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటిన కాసేపటికి బస్సు ఆగింది. ఇద్దరు అధికారులు ఎక్కారు. కొందరిని దాటుకుంటూ వచ్చి మా ఇద్దరి పాస్‌పోర్టులు, వెనక సీట్లోని ఆఫ్రికా విద్యార్థి కార్డు అడిగారు. మర్యాదగానే చూసి ఇచ్చేశారు. మేమూ ప్రతి లారీనీ ఆపేవాళ్లం కాదు. నంబరు ప్లేటు చూసి, టార్పాలిన్ బిగింపు చూసి ఎంచుకునేవాళ్లం. ఆ చూపు నాకు బాగా తెలుసు. అటువైపు కూర్చుని చూడటం మాత్రం అదే మొదలు. అమ్మాయికి ఇది అలవాటేనట.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడికి అంతా చెప్పి, వంతెన పూర్తయ్యేలోగా నువ్వూ బ్రిటన్ వీసా తీసుకోమన్నాను. "ఆ ఫీజు ఎందుకు దండగ మామయ్యా? అప్పటికి నాకు ఐర్లాండ్ పౌరసత్వమే వచ్చేస్తుంది, ఇక వీసాతో పనే ఉండదు" అని ఇంకో గరిటె పప్పు వడ్డించాడు.