ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ: బట్టీ మానేశాక నాకు అర్థమైన తీరు

బీఎస్సీ ఫైనల్ ఇయర్‌లో ఈ పేపర్ మొదటి ఇంటర్నల్‌లో నాకు 20కి 7 వచ్చాయి. చదవక కాదు. కాలుష్య కారకాలు, ప్రభావాలు, నివారణ అంటూ నోట్సు మొత్తం బట్టీ పట్టాను. తీరా హాల్లో అన్నీ కలిసిపోయాయి. మినమాటా, ఇటాయ్ ఇటాయ్ అని జపాన్‌లో కాలుష్యం వల్ల వచ్చిన రెండు జబ్బులున్నాయి. పాదరసం వల్ల వచ్చిన మినమాటా దగ్గర కాడ్మియం, కాడ్మియం వల్ల వచ్చిన ఇటాయ్ ఇటాయ్ దగ్గర పాదరసం రాసి వచ్చాను. మీలో చాలామంది ఇప్పుడు అదే టెన్షన్‌లో ఉంటారని తెలుసు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సెలవుల్లో మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఉన్న అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. అమ్మమ్మను వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషి మొత్తం ఇటు తిరగాల్సిందే. పళ్ల మీద గోధుమరంగు చారలు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. ఆ రోజు మాత్రం ఒక ప్రశ్న పట్టుకుంది. బోరు నీళ్లు అంత తేటగా ఉంటాయి కదా, మరి పళ్లను, ఎముకలను ఇలా చేసే ఫ్లోరైడ్ అందులోకి ఎక్కడి నుంచి వచ్చింది?

తిరిగి వచ్చి దాని వెంట పడ్డాను. నల్లగొండ నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైట్. అందులోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు దాన్ని కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే కాల్షియం ఫ్లోరైడ్‌గా కొంత అవక్షేపమైపోతుంది, అంటే కరగని పదార్థంగా మారి నీటి నుంచి విడిపోతుంది. కానీ బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం ముందే కార్బనేట్‌గా బయటికి పోతుంది, ఫ్లోరైడ్ నీటిలోనే మిగిలిపోతుంది. ఫస్టియర్‌లో చదివిన ద్రావణీయతా లబ్ధమే (లవణం నీటిలో ఎంతవరకు కరిగి ఉండగలదో చెప్పే హద్దు) ఇది! ఒంట్లోకి చేరాక ఫ్లోరైడ్ పళ్లలో, ఎముకల్లో ఉన్న హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజంలో హైడ్రాక్సైడ్ స్థానంలో కూర్చుంటుంది. రెండింటి ఆవేశం ఒకటే, సైజు దాదాపు ఒకటే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండాలని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం.

నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన శుద్ధి పద్ధతికి మా జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలుపుతారు. పటిక వల్ల ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ గుజ్జులా ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. సున్నం ఎందుకని వైవాలో తప్పకుండా అడుగుతారు. పటిక వేస్తే నీరు ఆమ్లం వైపు జరుగుతుంది, సున్నం దాన్ని సరిచేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ క్రిముల కోసం.

ఇక అక్కడి నుంచి ప్రతి కారకాన్నీ ఇలాగే చదివాను. ఎక్కడ పుట్టింది, దారిలో ఎలా మారింది, చివరికి ఎవరి ఒంట్లో చేరి ఏం చేసింది. ఫ్యాక్టరీ వ్యర్థాల్లోని మిథైల్ పాదరసం మినమాటా సముద్రపు చేపల్లోకి, వాటిని తిన్న మనుషుల నాడుల్లోకి వెళ్లింది. గనుల నుంచి వచ్చిన కాడ్మియం జపాన్‌లోని జింజూ నది నీటితో వరి మళ్లలోకి, అన్నంతో ఎముకల్లోకి చేరింది. ఇటాయ్ అంటే జపనీస్‌లో ‘నొప్పి’ అని తెలిశాక ఎముకల జబ్బు ఏదో ఇంకెప్పుడూ మర్చిపోలేదు.

స్మాగ్ (నగరాలను కమ్మే కాలుష్యపు పొగ) రెండు రకాలకూ పట్టిక అక్కర్లేదు. 1952 డిసెంబరు లండన్‌ను తలుచుకోండి: చలి, పొగమంచు, బొగ్గు పొగ, సల్ఫర్ డయాక్సైడ్, అది క్షయకరణ రకం. లాస్ ఏంజిలస్‌లో ఎండ, వాహనాల పొగ, ఓజోన్, అది ఆక్సీకరణ రకం. చట్టాల్లో సంవత్సరాలు మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే: నీటికి 1974, గాలికి 1981, భోపాల్ దుర్ఘటన 1984, దాని తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986.

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్), బీఓడీల (నీటిలోని మురికిని కుళ్లించడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) మీద. డీఓ కొలిచే వింక్లర్ పద్ధతి పుస్తకంలో చదివితే తలకెక్కదు, ల్యాబ్‌లో చేతులతో చేయండి. పరీక్షించే నీటితో నిండుగా ఉన్న సీసాలో మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ పోయగానే గోధుమరంగు అవక్షేపం మేఘంలా దిగుతుంది. తెల్లగా ఉంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. మొదటిసారి నా సీసాలో చిన్న గాలిబుడగ ఉండిపోయి రీడింగ్ ఎక్కువ వచ్చింది. ఆ బుడగలోనూ ఆక్సిజన్ ఉంటుందని అప్పుడు తట్టింది. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అవక్షేపం కరిగి అయొడిన్ విడుదలవుతుంది, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయాలి. స్టార్చ్ మొదట్లోనే వేయకండి, ద్రావణం లేత పసుపుకు వచ్చాక వేయండి. నీలం పోయిన చుక్క దగ్గర ఆపేయాలి.

బీఓడీ లెక్కలో చాలామంది డైల్యూషన్ దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. 300 మిల్లీలీటర్ల సీసాలో మురుగునీరు 10 మిల్లీలీటర్లే ఉంది, 20 డిగ్రీల దగ్గర 5 రోజుల్లో డీఓ 8 నుంచి 4కి పడిపోయిందనుకోండి. తేడా 4. నీటిని 30 రెట్లు పలుచన చేశాం కాబట్టి బీఓడీ లీటరుకు 120 మిల్లీగ్రాములు. సెమిస్టర్ పరీక్షలో అంకెలు మార్చి ఇదే లెక్క ఇచ్చారు.