74 ఏళ్లకు రొమ్ము క్యాన్సర్: రేడియేషన్ ఎందుకు వద్దనుకున్నాను

గడ్డ 1.4 సెంటీమీటర్లు, గ్రేడ్ 2, అంటే మధ్యస్థంగా పెరిగే రకం. హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్లతో పెరిగేది), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది). ఆపరేషన్‌లో గడ్డ మటుకే తీశారు, అంచులు క్లియర్. చంకలో తీసిన రెండు గ్రంథుల్లోనూ క్యాన్సర్ లేదు. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ ముక్కల మీదే నడిచాయి.

ఆపరేషన్‌కు ముందు జీ8 అనే ఎనిమిది ప్రశ్నల పరీక్ష పెట్టారు. తిండి తగ్గిందా, మూడు నెలల్లో బరువు పడిపోయిందా, రోజుకు మూడుకు మించి మందులు వాడతారా, మతిమరుపో దిగులో ఉందా, ఇలాంటివి. 17కి 14 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే వృద్ధుల వైద్యుడు పూర్తిగా చూడాలి. నాకు 15 వచ్చింది. తర్వాత కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నారు. డాక్టరు చేతిలో స్టాప్‌వాచ్. అరచేతులు ఆనించకుండా లేవగలమా లేదా అన్నది ఆ సెకన్ల కన్నా ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

ప్రెడిక్ట్ అనే ఆన్‌లైన్ లెక్క గడ్డ సైజు, గ్రేడ్, వయసు తీసుకుని 5, 10, 15 ఏళ్ల అంచనా ఇస్తుంది. మీరెలా నడుస్తారో, షుగరుందో లేదో అది అడగదు. అందుకే ఆ రెండు పరీక్షలూ పక్కన పెట్టుకుని చూడాలి.

ఇక రేడియేషన్. 65 దాటి, గడ్డ 3 సెంటీమీటర్లలోపు ఉండి, గ్రంథులకు పాకని హార్మోన్ పాజిటివ్ వాళ్ల మీద ప్రైమ్ 2 పరిశోధన జరిగింది. హార్మోన్ మాత్ర అందరికీ, రేడియేషన్ సగంమందికే. పదేళ్లకు అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది రేడియేషన్ లేనివాళ్లలో 9.5 శాతం, ఉన్నవాళ్లలో 0.9. బతికున్నవాళ్లు మాత్రం రెండు వైపులా దాదాపు 81 శాతమే. ఆ తేడా నాకు సమ్మతమే అనిపించి వద్దన్నాను. అదే అంకెలు చూసి కావాలనుకున్నా తప్పేం లేదు.

అయితే మాత్ర మానేస్తే ఈ లెక్క చెల్లదు. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్లు. చాలామంది కీళ్లనొప్పులకు జడిసి ఎవరికీ చెప్పకుండా ఆపేస్తారు. పొద్దున లేవగానే నా వేళ్లు ముడుచుకునేవి కావు, సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. డాక్టరు మందును ఎగ్జెమెస్టేన్‌కు మార్చాక తగ్గింది. అదీ పడకపోతే టామాక్సిఫెన్ ఉంది. దానితో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, యోని నుంచి బ్లీడింగ్ కనిపిస్తే వెంటనే చెప్పాలి. దిగులుకు వాడే పారాక్సెటీన్ దాని పనిని దెబ్బతీస్తుంది కాబట్టి వేసుకునే మందులన్నీ చూపించాలి.

వయసు చూసి వైద్యం తగ్గించడం అందరికీ నప్పదు. 65 దాటినవాళ్లకు మామూలు కీమో బదులు కాపిసిటబీన్ మాత్రలొక్కటే ఇచ్చి చూసిన పరిశోధనలో, జబ్బు తిరగబెట్టడమో ప్రాణం పోవడమో జరిగే ముప్పు రెండింతలైంది. ట్రిపుల్ నెగటివ్ (హార్మోన్లకూ హెర్2కూ నెగటివ్) వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు కీమో సంగతి గట్టిగా అడగాలి.

లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది కాబట్టి, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ మాత్ర మొదలుపెట్టేముందే చేయించుకున్నాను. తుంటి దగ్గర టీ స్కోరు (మైనస్‌లో ఎంత కిందికి పోతే ఎముక అంత బలహీనం) మైనస్ 1.6 ఉండేది, రెండేళ్లకు మైనస్ 1.8 అయింది. కాల్షియం, విటమిన్ డి, రోజూ నడక సాగుతున్నాయి. ఇంకో డెక్సా వచ్చే ఏడాది.