వదలడానికి వ్యవధి

మంగళవారం, రాత్రి

చలి ముదిరింది, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా బయటికి రాని దీర్ఘకాలిక జబ్బు) కేసులు పెరిగాయి. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన ఆడవాళ్లు. జలుబుతో మొదలై, కఫం పచ్చబడి, చివరికి మాట పూర్తి చేయలేనంత ఆయాసంతో వస్తారు.

పొద్దున వచ్చిన పెద్దాయనకు అంబులెన్స్‌లో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. శాచురేషన్, అంటే హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ నిండిన శాతం, 98. ఇంట్లోవాళ్లు ఆ అంకె చూసి ధైర్యపడ్డారు గానీ ఆయన అప్పటికే మగతలోకి జారుతున్నారు. ఏబీజీలో (ధమని రక్త పరీక్ష) పీహెచ్ (తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగినట్టు) 7.27, కార్బన్ డయాక్సైడ్ 74 (మామూలుగా 40 దగ్గర), ఆ ఆమ్లాన్ని సర్దే బైకార్బనేట్ 33. వీళ్లకు 88-92 శాచురేషన్ చాలు. అంతకు మించి ఇస్తే గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం మళ్లుతుంది, హిమోగ్లోబిన్ కూడా తను మోసే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. 2010లో వెలువడిన టాస్మేనియా అంబులెన్సుల అధ్యయనంలో 405 మందిని చూశారు. ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చినవాళ్లలో 9 శాతం మంది చనిపోతే, కొలిచి ఇచ్చినవాళ్లలో 4 శాతం. ఈ అంకెలు ప్రతి అంబులెన్స్‌లో అతికించి ఉండాలి.

బైపాప్ (మాస్క్‌తో గాలిని ఒత్తి ఇచ్చే మిషన్) ఐపాప్ (ఊపిరి తీసేటప్పటి ఒత్తిడి) 12, ఈపాప్ (వదిలేటప్పటి ఒత్తిడి) 5తో మొదలైంది. మొదట పట్టీలు బిగించకుండా మాస్క్‌ను చేత్తో పట్టుకోవాలి. సిస్టర్ చెప్పిన మాట బాగుంది: "తాతా, మిషన్‌తో కొట్లాడొద్దు. అది గాలిస్తే తీసుకో, ఆగితే నిదానంగా వదులు." నాలుగైదు నిమిషాల్లో ఆయన కుదురుకున్నారు.

గంట తర్వాత ఏబీజీ కదల్లేదు. పీహెచ్ 7.26, కార్బన్ డయాక్సైడ్ 76. ఇక్కడే చాలామంది చెయ్యి రేటు (నిమిషానికి ఊపిరుల సంఖ్య) మీదికో, ఆక్సిజన్ మీదికో పోతుంది. ముందు చూడాల్సింది లీక్, అంటే మాస్క్ అంచుల్లోంచి పోయే గాలి. స్క్రీన్ మీద నిమిషానికి 50 లీటర్లు, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరిలో వెళ్లే గాలి) 260 మి.లీ. పళ్లు లేక బుగ్గలు లోపలికి పోయాయి, పైగా ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్ మాస్క్ అంచు కింద నుంచి వెళ్తోంది. పట్టీ ఇంకా బిగిస్తే మాస్క్ అంచు మడత పడి లీక్ పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఒక సైజు చిన్న మాస్క్ మార్చాక లీక్ 20కి దిగింది.

తర్వాత ఒత్తిడి. ఊపిరికి బలమిచ్చేది ఐపాప్, ఈపాప్‌ల మధ్య తేడా. 12కీ 5కీ తేడా 7 మాత్రమే. రెండూ చెరో 3 పెంచినా ఆ తేడా 7 దగ్గరే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ పెద్దగా దిగదు. ఈపాప్ 5 దగ్గరే ఉంచి, పది నిమిషాలకోసారి ఐపాప్‌ను రెండేసి చొప్పున 20 దాకా తీసుకెళ్తే టైడల్ 430కి వచ్చింది. 165 సెం.మీ. మగమనిషికి ఎత్తును బట్టి లెక్కగట్టే బరువు 61 కిలోలు, కిలోకి 6-8 మి.లీ. అంటే సుమారు 370-490. సరిపోయింది. పొట్ట ఉబ్బుతోందేమో మాత్రం చూస్తుండాలి.

ఈపాప్ పెంచాల్సిన సందర్భం వేరు. మెడ కండరాలు లాగుతున్నా మిషన్ ఊపిరి ఇవ్వకపోతే, అంటే నిమిషానికి ఛాతీ కదలికలు 30, మిషన్ ఇచ్చిన ఊపిరులు 24 అయితే, లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడిని దాటడానికే ఆ ప్రయత్నం ఖర్చయిపోతోంది. అప్పుడు ఈపాప్ 6, 7 చేసి మళ్లీ లెక్కపెట్టాలి. గాలి లోపలికి వెళ్లే వ్యవధి ఒక సెకను దాటకుండా చూడాలి.

గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద ఉంచిన పక్క బెడ్‌లోనూ సంగతి ఇదే. రేటు 20 అయితే ఒక్కో శ్వాసకు 3 సెకన్లు. లోపలికి 1 పోను వదలడానికి 2 మిగులుతాయి. ఇరుకైన గొట్టాల్లోంచి గాలి అంతలో రాదు. గాలి ప్రవాహం చూపే ఫ్లో గీత సున్నాను తాకకముందే తర్వాతి ఊపిరి మొదలవుతుంది. ఎక్స్‌పిరేటరీ హోల్డ్ (ఊపిరి వదిలిన చివర కాసేపు ఆపే బటన్) నొక్కితే ఆటో-పీప్ (లోపల చిక్కుకున్న గాలి ఒత్తిడి) 11. రేటు 12 చేశాక వదలడానికి 4 సెకన్లు దొరికాయి, ఆటో-పీప్ 6కి తగ్గింది, ఆ ఒత్తిడికి పడిన బీపీ కూడా కోలుకుంది. కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరిగింది, పీహెచ్ 7.25. అది ఓర్చుకోవచ్చు. బీపీ ఒక్కసారిగా పడిపోతే ముందు సర్క్యూట్ (మిషన్ గొట్టం) విప్పి గాలి వదలనివ్వాలి. దానికీ కోలుకోకపోతే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) కోసం వెతకాలి.

సాయంత్రానికి పెద్దాయన పీహెచ్ 7.33, కార్బన్ డయాక్సైడ్ 64. దాన్ని 40కి దించాలని తొందరపడకూడదు. ఆయన బైకార్బనేట్ 33 అంటే ఆ ఒంటికి ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ అలవాటే. బలవంతంగా మామూలు అంకెకు తెస్తే మూత్రపిండాలు బైకార్బనేట్‌ను వదిలేస్తాయి, మిషన్ తీసిన రోజు మళ్లీ పీహెచ్ పడుతుంది.

రాత్రి డ్యూటీకి రాసిచ్చినవి: ఐపాప్ 20, ఈపాప్ 5, బ్యాకప్ రేటు (ఆయన ఊపిరి తీయకపోతే మిషనే ఇచ్చే రేటు) 14. శాచురేషన్ 92 దాటితే ఆక్సిజన్ తగ్గించాలి. నెబ్యులైజర్ గాలితో నడపాలి, ఆక్సిజన్‌తో కాదు. తినడానికి మాస్క్ 20 నిమిషాలు తీయొచ్చు, ఆ సేపు ముక్కు గొట్టంతో ఒక లీటరు. ముక్కు దూలం ప్రతి 4 గంటలకు చూడాలి. మగత పెరిగితే ఏబీజీ తీసి, తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.