తుపాకి ఉందని ఎప్పుడు చెప్పాలి?

లైసెన్సున్న తుపాకి చొక్కా కింద ఉండగా వెనక పోలీసు కారు దీపాలు వెలిగితే, నేను కారు పక్కకు ఆపి, లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి కదలకుండా కూర్చుంటాను. తుపాకి ఉందని పోలీసుకు చెప్పాలా అన్నదానిపై అమెరికాలో చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంది: మిషిగన్‌లో అధికారి ఆపిన వెంటనే మనంతట మనమే చెప్పి తీరాలి, ఒహాయోలో 2022 నుంచి అడిగినప్పుడు చెబితే చాలు. అడగకపోయినా చెప్పడమే మేలని నా అభిప్రాయం. అయితే మొదటి మాటే “తుపాకి” కాకూడదు, “నాకు లైసెన్సు ఉంది, ఆయుధం కుడి నడుము దగ్గర ఉంది, ఏం చేయమంటారు?” అని నెమ్మదిగా అడిగి, జవాబు వచ్చేదాకా పర్సు కోసమైనా చెయ్యి కదపకూడదు. 2016లో మిన్నెసోటాలో పోలీసులు కారు ఆపినప్పుడు ఫిలాండో కాస్టీల్ అనే అతను తన దగ్గర తుపాకి ఉందని మర్యాదగానే చెప్పాడు, క్షణాల్లో అధికారి కాల్పులకు బలయ్యాడు. అతనికీ లైసెన్సు ఉంది.