అటక మీది ట్రాన్సిస్టర్ మళ్లీ పలకాలంటే

చిన్నప్పుడు ఇంట్లో మోగిన మొదటి రేడియో చాలా ఇళ్లలో ఇంకా అటక మీదే ఉంటుంది. తోలు కవరు పెళుసెక్కి, వెనక మూత రబ్బరు బ్యాండుతో నిలబడి ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, బాగుచేసే మెకానిక్ దొరకడు. 1960, 70ల నాటి మర్ఫీ, ఫిలిప్స్, బుష్ ట్రాన్సిస్టర్లలో కాలం గడిచినంత మాత్రాన పూర్తిగా పాడయ్యే భాగాలు చాలా తక్కువ. కిందికి దించిన మొదటి అరగంటలో మనం ఆత్రంగా చేసే పనుల వల్లే ఎక్కువ సెట్లు పోతాయి. కొత్త సెల్లు వేసేసి స్విచ్ తిప్పడం అందులో మొదటిది. కనిపించిన స్క్రూనల్లా తిప్పి చూడడం రెండోది.

ఇదంతా సెల్లతో నడిచే ట్రాన్సిస్టర్ల గురించే. వాల్వు రేడియో వేరే కథ. దాని లోపల 200 వోల్టులు దాటి ఉంటుంది, కొన్నిటిలో ఛాసిస్‌కే, అంటే భాగాలన్నీ బిగించిన రేకు చట్రానికే నేరుగా కరెంటు తగిలి ఉంటుంది. దాన్ని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ముందు సెల్లు పెట్టే గది చూడండి. అప్పట్లో సెల్లు నీరసిస్తే తీసి ఎండలో పెట్టేవాళ్లు. మళ్లీ వేస్తే విజయవాడ వార్తలు పూర్తయ్యేదాకా నడిచేది. అది ఉత్త నమ్మకం కాదు. వేడికి సెల్ లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుంది, ఇంటర్నల్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఆ కాసేపూ కరెంటు బాగా ఇస్తుంది. కాకపోతే ఆ సెల్‌కి పైడబ్బాయే జింకు. వాడేకొద్దీ అదే కరిగి పల్చబడుతుంది. పూర్తిగా పిండేసిన సెల్లను లోపలే మరిచిపోతే జింకు చిల్లుపడి రసం కారుతుంది. స్ప్రింగులు తుప్పుపట్టి, రివిట్ల చుట్టూ పచ్చటి చిలుము పట్టేది దానివల్లే. అంటే ఆ రేడియోకి ఎక్కువ చేటు చేసింది మన పొదుపే.

పాత మామూలు సెల్లు కారిస్తే ఆ రసానికి ఆమ్ల గుణం ఉంటుంది. వంటసోడా ఒక చెంచా, నీళ్లు రెండు చెంచాలు కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఆ తర్వాతి రోజుల్లో ఎవరైనా ఆల్కలైన్ సెల్లు వేసి ఉంటే సంగతి తిరగబడుతుంది. వాటి చుట్టూ తెల్లటి పొడి కడుతుంది, అది క్షారం, దానికి నిమ్మరసం కావాలి. ఏది రుద్దినా తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి ఒక పూట ఆరనివ్వండి. బోర్డు మీదికి మాత్రం నీళ్లు పోనివ్వకండి. స్ప్రింగు పైకి మెరుస్తున్నా, వైరు అతికించిన చోట లోపల తినేసి ఉండొచ్చు. మల్టీమీటరుని ఓమ్స్‌లో పెట్టి స్ప్రింగు కొస నుంచి బోర్డు దాకా చూస్తే సున్నాకు దగ్గరగా రావాలి.

కరెంటు ఇచ్చే ముందు తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. జెర్మేనియం పీఎన్‌పీ అనే పాత రకం ట్రాన్సిస్టర్లున్న (ఇక్కడ ట్రాన్సిస్టర్ అంటే రేడియో కాదు, బోర్డు మీది చిన్న భాగం) సెట్లలో చాలావాటికి ఎర్త్, అంటే బోర్డులో అన్నిటికీ ఉమ్మడిగా ఉండే వైపు, సెల్ల ప్లస్‌కి కలిసి ఉంటుంది. ఇప్పటి వస్తువుల్లో నెగటివ్ ఎర్త్‌కి అలవాటుపడినవాళ్లు అడాప్టర్ వైర్లను అలవాటుగానే తగిలిస్తారు, ఒక్క క్షణంలో స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. సెల్లు పెట్టే గదిలో ప్లస్, మైనస్ గుర్తులు చూసి వాటినే నమ్మండి.

నాలుగు పెద్ద సెల్ల సెట్టయితే 6 వోల్టులు, ఆరు సెల్లదయితే 9. మొదటిసారి నేరుగా కాకుండా, ఒక వైపు వైరులో 47 ఓమ్స్, 2 వాట్ల రెసిస్టర్ పెట్టి ఇవ్వండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ కొలవండి. అర వోల్టు వస్తే సెట్టు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న సెట్టు పాట లేకుండా తీసుకునేది 10, 20 మధ్యే. పాట గట్టిగా మోగేటప్పుడు 50, 100 దాకా పోవచ్చు, అది మామూలే. శబ్దమే లేకుండా 3 వోల్టులు చూపిస్తే, అంటే 60 దాటితే, వెంటనే ఆపండి. సప్లై మీది పెద్ద కండెన్సరో, ఔట్‌పుట్ ట్రాన్సిస్టరో షార్ట్ అయివుంటుంది. రెసిస్టర్ లేకుండా వేస్తే ఆ తప్పు వెతికేలోపే ఇంకో రెండు భాగాలు కాలతాయి.

కరెంటు సరిగ్గానే ఉంది, శబ్దం మాత్రం రాదు. బోర్డు జోలికి వెళ్లకముందు ఇయర్‌ఫోన్ సాకెట్ చూడండి. పిన్ను దూరిస్తే స్పీకర్ ఆగిపోయేలా దానిలో చిన్న రేకు ఉంటుంది. ఏళ్ల తరబడి వాడక ఆ రేకుకి చిలుము పడితే, పిన్ను లేకపోయినా స్పీకర్ తెగిపోయే ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి పిన్నుని పదిసార్లు పెట్టి తీస్తే సెట్టు బతికిన సందర్భాలు మెకానిక్కులందరికీ తెలుసు. స్పీకర్ మీదే అనుమానం ఉంటే దాని వైరు ఒకటి ఊడదీసి, ఒక సెల్‌ని రెండు కొసలకూ ఇట్టే తాకించి తీయండి. టక్కుమనాలి. కాగితం కోన్ చిరిగి ఉంటే టిష్యూ పేపరు ముక్క, నీళ్లు కలిపి పల్చన చేసిన ఫెవికాల్ చాలు. మందంగా పూస్తే కోన్ బరువెక్కి గొంతు బొంగురుపోతుంది.

తర్వాత వాల్యూమ్ కంట్రోల్. తిప్పితే గరగరమంటుంది, ఒకచోట గట్టిగా, ఇంకోచోట ఏమీ లేకుండా ఉంటుంది. కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరడం వల్లే అది. చిన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ ఓ ముప్పై సార్లు తిప్పండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, కిరోసిన్ వద్దు. ఆ పూటకి గరగర ఆగుతుంది, తర్వాత దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మార్చే బ్యాండ్ స్విచ్‌కీ ఇదే వైద్యం.

ఇప్పుడు వాల్యూమ్ పెంచి, దాని మధ్య కాలుని లోహపు స్క్రూడ్రైవర్‌తో తాకండి. వేలు ఆ లోహానికే తగిలి ఉండాలి. స్పీకర్లో బుర్రుమని వస్తే అక్కడినుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే, తప్పు ముందుభాగంలో ఉంది. రాకపోతే వెనకభాగం చూడాలి. రేడియోని రెండు ముక్కలుగా కోసి చూపించే ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

వెనకభాగంలో దాదాపు ఎప్పుడూ నేరస్తులు ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లే. లోపలి తడి ఆరిపోయి వాటి సామర్థ్యం పోతుంది. సప్లై మీది 100 లేదా 220 మైక్రోఫారడ్లది ఆరిపోతే వాల్యూమ్ పెంచగానే మోటారు పడవలా డుబుడుబుమంటుంది. సెల్లు పాతవయ్యేకొద్దీ అది పెరుగుతుంది. రెండు స్టేజీల మధ్య ఉండే 5, 10 మైక్రోఫారడ్లవి ఆరితే శబ్దం సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఒక్కొక్కటీ కొలిచే శ్రమెందుకు, ఐదారు ఉంటాయి, అన్నీ మార్చేయండి. 16 లేదా 25 వోల్టులవి తీసుకోండి. విలువ 5 దొరక్కపోతే 4.7 వేయండి, ఏమీ కాదు. పైన చెప్పిన ప్లస్ ఎర్త్ ఇక్కడా తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి సెట్లో సప్లై కండెన్సర్ ప్లస్ కాలు ఎర్త్ వైపే పోవాలి. ఒకటి తీసి ఒకటి వేయండి, అన్నీ ఒకేసారి పీకితే దిక్కు మర్చిపోతారు.

టంకం వేసేటప్పుడు 25 వాట్ల ఐరన్, రెండు మూడు సెకన్లు. జెర్మేనియానికి వేడి పడదు. ట్రాన్సిస్టర్ కాలుని ముక్కు పట్కారుతో పట్టుకుంటే వేడి పట్కారులోకి పోతుంది. మండు వేసవిలో కొన్ని సెట్లు మధ్యాహ్నానికి గొంతు మార్చుకోవడం కూడా ఈ గుణం వల్లే. వేడికి జెర్మేనియంలో లీకేజీ కరెంటు పెరుగుతుంది. ఔట్‌పుట్‌లో ఏసీ128 లాంటి ట్రాన్సిస్టర్లు జంటగా ఉంటాయి. ఒకటి పోతే రెండూ మార్చాలి, లేకపోతే పాట చీలినట్టు వస్తుంది.

ముందుభాగంలో ఒక విచిత్రమైన జబ్బుంది. 60ల నాటి ఫిలిప్స్ సెట్లలో ఏఎఫ్115, 116, 117 అనే నాలుగు కాళ్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. సన్నటి పొడుగాటి లోహపు డబ్బాలు. ఆ డబ్బా లోపలి తగరం నుంచి కంటికి సరిగా ఆనని మీసాలు మొలుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి లోపలి తీగను తాకుతాయి. నాలుగో కాలు డబ్బాకి కలిసి ఎర్త్‌కి పోతుంది కాబట్టి, మీసం తాకిన తీగ కూడా ఎర్త్ అయిపోతుంది. సెట్టు మూగబోతుంది. సెల్లు తీసేసి, ఆ నాలుగో కాలుని బోర్డు దగ్గర సన్నటి కత్తెరతో తెంపండి. అప్పుడు డబ్బాకీ మిగతా మూడు కాళ్లకీ మధ్య ఓమ్స్ కొలవండి. ఏదో ఒకదానితోనే షార్ట్ చూపిస్తే ఆ మీసం వల్ల ఇక హాని లేదు, ట్రాన్సిస్టర్ మళ్లీ పనిచేస్తుంది. రెండు కాళ్లు డబ్బాకి తగులుతుంటే మాత్రం తెంపినా లాభం లేదు, మార్చాలి. తట్టితే పలికి మళ్లీ ఆగిపోయే ఫిలిప్స్ సెట్లని చూసి "లోపల లూజు కాంటాక్ట్" అనేవాళ్లు కదా, వాటిలో కొన్నిటి జబ్బు ఇదే అయివుంటుంది.

సుయ్‌మని హిస్ వస్తుంది కానీ ఒక్క స్టేషనూ రాదంటే ఆసిలేటర్, అంటే సెట్టు లోపలే తరంగాన్ని పుట్టించే భాగం, ఆగిందేమో చూడాలి. దీనికి పరికరం మీ ఇంట్లోనే ఉంది, మీడియం వేవ్ వచ్చే ఇంకో రేడియో. సూపర్‌హెట్ అనే ఈ పద్ధతి సెట్టులో ఆసిలేటర్ మనం పట్టిన స్టేషన్ కంటే 455 కిలోహెర్ట్జ్ పైన నడుస్తుంది. విజయవాడ 837 మీద ముల్లు పెడితే ఆసిలేటర్ 1292 దగ్గర ఉండాలి. రెండో రేడియోని పక్కనే పెట్టి 1292 చుట్టూ తిప్పండి. ఒకచోట గోల ఠక్కున అణిగితేనో, స్టేషన్ మీద ఈల వేస్తేనో ఆసిలేటర్ బతికే ఉంది. సెల్లు నీరసించినప్పుడు హిస్ ఉండగానే పాట ఒక్కసారిగా మాయమవడం గుర్తుందా? ఆంప్లిఫయర్ కంటే ముందు ఆసిలేటర్ ఆగిపోవడమే దానికి కారణం.

బోర్డు మీద చతురస్రపు అల్యూమినియం డబ్బాలు, వాటి నెత్తిన రంగురంగుల స్క్రూలు ఉంటాయి. అవి ఐఎఫ్ కాయిళ్లు, పట్టిన స్టేషన్‌ని 455కి మార్చాక వడగట్టేవి. ముట్టుకోకండి. 455కి కంపెనీలో పెట్టిన అమరిక అది, వాటంతటవి పెద్దగా కదలవు. పాత సెట్లలో ఇక చేతులెత్తేయాల్సి వచ్చేవి చాలావరకు ఎవరో ఒకరు "కొంచెం తిప్పి చూద్దాం" అన్నవే. లోపలి ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ మీది కాయిల్ మాత్రం చూడండి. దాని వైరు లిట్జ్, అంటే వెంట్రుకల్లాంటి పోగులు కలిపి పేనింది. ఒకటి రెండు పోగులు తెగినా పలుకుతుంది, బలం తగ్గుతుంది. మళ్లీ అతికిస్తే ప్రతి పోగుకీ టంకం పట్టాలి. కింద పడి కడ్డీ విరిగితే సందు లేకుండా ముక్కలు కలిపి సూపర్‌గ్లూతో అతికిస్తే చాలావరకు పనికొస్తుంది.

ముల్లు కదలకపోతే డయల్ దారం జారుతున్నట్టు. విప్పేముందు ఫోటో తీసుకోండి, అది ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో తర్వాత ఊహకందదు. గేలపు నైలాన్ దారం నున్నగా ఉండి జారుతుంది, పేనిన దారమే వేయాలి. ట్యూనింగ్ ఇరుసుకి రెండున్నర చుట్లు, చివర స్ప్రింగు సగం సాగేంత బిగువు.

ఇక స్టేషన్. పాత డయల్ మీద కొన్నిసార్లు మీటర్లే రాసి ఉంటాయి. 3,00,000ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. విజయవాడ 837 అంటే 358 మీటర్ల దగ్గర, హైదరాబాద్ 738 అంటే 406, విశాఖ 927 అంటే 323. ఇవన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా పోతాయి, 1978 నుంచి మన వైపు మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. అసలు మీ ఊళ్లో పగటిపూట ఏ స్టేషన్ అందుతోందో ముందు ఆ రెండో రేడియోతో చూసుకోండి, కొన్నిచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఆపేశారు. రాత్రి దూరపు స్టేషన్లు కలిసిపోతాయి కాబట్టి పరీక్షలన్నీ పగలే.

అంతా సరిగ్గా ఉన్నా గర్ర్‌మంటుంటే తప్పు రేడియోది కాకపోవచ్చు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటే ఆపి చూడండి. ఆపలేనిదైతే రేడియోనే తిప్పండి. ఫెర్రైట్ కడ్డీ కొస ఎటు చూపిస్తే అటువైపు శబ్దం తక్కువగా అందుతుంది, అడ్డంగా ఉన్నవైపు ఎక్కువ. తాతయ్యలు రేడియోని స్టూలు మీద ఓ మూలకి తిప్పి, దాన్ని ఎవరూ కదపొద్దని కసిరేది ఇందుకే. ఈ లెక్కన సెల్‌ఫోన్ ఛార్జర్ లాంటి అడాప్టర్‌తో దీన్ని నడపాలనుకోవడం అనవసరం, గోల సప్లైలోంచే వస్తుంది. పెద్ద సెల్ సైజు ప్లాస్టిక్ తొడుగుల్లో చిన్న రీఛార్జబుల్ సెల్లు పెట్టుకోండి. నాలుగు కలిపి 4.8 వోల్టులే వస్తాయి, అయినా 6 వోల్టుల సెట్లు చాలావరకు దాని మీద పాడతాయి. నెల రోజులు వినరనుకుంటే సెల్లు తీసి రేడియో పక్కన పెట్టండి, లోపల వద్దు.